చప్పుడు చెయ్యని తూటా

హెక్టర్ మెక్‌కర్డీ తన పాత 'ఇరవై రెండు' రకం చిన్న రైఫిల్ని కొట్లో ఇచ్చేసి, దాని బదులు పెద్ద తూటాల మాగ్నమ్ తుపాకీ ఒకటి తెచ్చుకున్న రోజున అతని భార్య ఏవిస్ వంటింట్లో చీజ్ వేసిన స్కోన్లనే చిట్టి రొట్టెలు కాలుస్తోంది. పికప్ బండిలోంచి దిగిన పొడుగాటి కొత్త సంచీ కిటికీలోంచి కనబడగానే ఆమెకి సంగతి అర్థమైపోయింది. ఆ తరవాత స్కోన్లు మాడిన వాసన వచ్చేదాకా ఆమె నోరు మూతపడలేదు.

"ఎవర్నడిగి ఇచ్చేశావ్?"

"దాని గొట్టం అరిగిపోయింది ఏవిస్. ఎన్నాళ్ళని ఈడుస్తాం?"

"అరిగిపోతే ఇంకో ఇరవై రెండు తెచ్చుకోవాలి. ఫిరంగి కాదు. మనకున్నది లూసర్న్ గడ్డి మడి, యుద్ధభూమి కాదు."

"ఇది దూరం కొడుతుంది."

"కుందేలు దూరంగా ఉంటే నువ్వే నాలుగడుగులు ముందుకెయ్. కాళ్ళున్నాయిగా!" అంటూ ఆమె అతని వైపు వీపు తిప్పి పొయ్యి తలుపు తీసింది. "రేపే తీసుకెళ్ళి వెనక్కిచ్చెయ్. వింటున్నావా?"

హెక్టర్ తల ఊపాడు. కొన్నేళ్ళుగా అతనికిదొక అలవాటైంది. ఏది చెప్పినా బుద్ధిమంతుడిలా తల ఊపుతాడు, ఊపి తను అనుకున్నదే చేస్తాడు. ఆ తల ఊపు చూస్తే ఏవిస్‌కి ఒళ్ళు మంట. కాదని కొట్లాడేవాడితో వేగచ్చు గానీ, సరేనని తల ఊపి పక్కకి తప్పుకునేవాడితో ఎవరు వేగగలరు? మర్నాడు మాగ్నమ్ వెనక్కి వెళ్ళలేదు. సాయంత్రం ఎగువ మడిలో మాత్రం అది మోగింది.

మోగిందంటే మామూలుగా మోగలేదు. ఆ దెబ్బకి గుట్టల వరసంతా మారుమోగింది, కొట్టంలో కుక్కలు మొరిగాయి, నీళ్ళ తొట్టి దగ్గర గొర్రెలు చెల్లాచెదరైపోయాయి. హెక్టర్ ఒక కుందేలుని చెవులు పట్టుకుని ఊపుకుంటూ వచ్చాడు. ఒకే ఒక్కటి. మిగతా మందంతా బొరియల్లోకి దూరి, చీకటి పడ్డాక బయటికొచ్చి, తెల్లారేదాకా తీరిగ్గా మేసింది. కుందేళ్ళ పనిలో మొదటి కుందేలు పెద్ద కష్టం కాదు. కష్టమంతా రెండోదాన్ని కొట్టడంలో ఉంటుంది. అది తెలియని వాడైతే పోనీలే అనుకోవచ్చు. కుందేళ్ళు కుప్పలుగా ఉండే ఈ మనియోటోటో నేలలో పుట్టి, అక్కడే నెరిసినవాడికి ఇది ఒకరు చెప్పాలా అని ఏవిస్ ఉడికిపోయింది.

ఆమె మాత్రం తక్కువ తిన్నదేమీ కాదు. వాళ్ళ నాన్న పొలాల్లో కుందేళ్ళని మట్టుపెట్టే సర్కారు బోర్డులో పనిచేశాడు. ఆ రోజుల్లో ఆయన జీతమే కుందేళ్ళు. కూతురికి సైకిల్ తొక్కడం కంటే ముందు బొరియ చూసి అందులో ఎవరైనా కాపురం ఉంటున్నారో లేదో చెప్పడం నేర్పాడు. గురి తప్పితే తిట్టేవాడు కాదు, "ఇంకోదాన్ని బడికి పంపావు తల్లీ" అనేవాడు. ఒకసారి తూటా పక్కనించి పోయిన కుందేలు మళ్ళీ మనిషి అలికిడికి బయట నిలవదు. చదువుకున్న కుందేలంటే ఆ లోయలో అందరికీ భయమే. పెళ్ళయ్యాక ఏవిస్ ఉన్ని కత్తిరించే జట్లకి వండింది, చలికాలంలో గొర్రెపిల్లల్ని కోటులో దోపుకుని తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టింది, నేస్బీ ఊళ్ళో గడ్డకట్టిన చెరువు మీద రాళ్ళు జారించే ఆటలో ఆడవాళ్ళ జట్టుని నడిపింది. ఇంటి చుట్టుపక్కల కుందేళ్ళ సంగతి మాత్రం ఎప్పుడూ ఆమెదే. పోయిన చలికాలం ఆ మంచు మీదే జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఇప్పుడు టీ కెటిల్ ఎత్తితేనే చెయ్యి వణుకుతుంది, ఇక తుపాకీ ఎక్కడ నిలుస్తుంది? అందుకే కాల్చే పని హెక్టర్ మీద పడింది.

అదీ ఏ సంవత్సరం? వసంతంలో విత్తిన లూసర్న్ మొదటిసారి చీలమండ ఎత్తుకి లేచిన సంవత్సరం. రాళ్ళ గుట్ట వైపునించి కుందేళ్ళు దాన్ని వరసగా కొరుక్కుంటూ వస్తున్నాయి, మంగలి గడ్డం గీసినట్టు, ఒక అంచు నుంచి మొదలుపెట్టి. విషం పెట్టడానికి అది అదను కాదు. నోటినిండా పచ్చి మేత ఉండగా విషం పూసిన క్యారెట్ ముక్కల జోలికి ఏ కుందేలూ వెళ్ళదు. ఆ మడి చలికాలం దాకా నిలవకపోతే మేత లేదు. మేత లేకపోతే ముసలి ఆడగొర్రెల మంద సంతకి వెళ్ళిపోవాలి. ఆ మందని కట్టింది ఏవిస్. ఏ గొర్రె ఎవరి కూతురో, దాని అమ్మమ్మ ఏ మంచుకి చచ్చిపోయిందో ఆమెకి కంఠతా వచ్చు. వాటిని లారీ ఎక్కించడం అనే మాట ఆ ఇంట్లో ఎవర్నీ ఎత్తనిచ్చేది కాదు.

ఆ వారంలోనే ఆమె బండేసుకుని అలెగ్జాండ్రా ఊరికి వెళ్ళింది, రెక్స్ పాస్కో తుపాకుల కొట్టుకి. రెక్స్ ఆమె తమ్ముడితో చదువుకున్నవాడు. ఆమెని చూడగానే కౌంటరు వెనక ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"నన్ను తిట్టకు ఏవిస్. 'ఆవిడకి తెలుసా?' అని నేనడిగాను. తల ఊపాడు."

"వాడు నిద్దట్లో కూడా తల ఊపుతాడు. దాన్ని పట్టుకుని మాగ్నమ్ అమ్మేస్తావా?"

"సరే, ఇప్పుడేం కావాలో చెప్పు."

"చప్పుడు చెయ్యనిది."

రెక్స్ ముందు ఒక 'పదిహేడు' రకం తుపాకీ తీసి పెట్టాడు. సన్నటి గొట్టం, అందంగా ఉంది. "చిన్న తూటా. మెరుపులా పోతుంది. తగిలిన చోటే ముక్కలైపోతుంది గనక రాయి మీద పడ్డా ఎగిరి ఎక్కడికో పోదు. మీ గుట్ట దగ్గర అది మంచిదే."

"చప్పుడు?"

"చప్పుడుంటుంది మరి. అంత వేగంగా పోతే గాలి ఊరుకుంటుందా?"

"తీసెయ్."

"గాలి తుపాకీ? పక్కింటి పిల్లి కూడా లేవదు."

"నా కుందేళ్ళు చావాలి రెక్స్, వాటికి చక్కిలిగింతలు పెట్టడం కాదు. అవి మనిషిని దగ్గరికి రానివ్వవు."

ఆఖరికి పొట్టి గొట్టం ఉన్న ఇరవై రెండు ఒకటి బయటికొచ్చింది. ఒక్కో తూటాకీ చేత్తో బోల్టు లాగి తొయ్యాలి, అది వెనక్కి ఉన్నంతసేపూ తుపాకీ పేలదు. దానంతటదే తూటా ఎక్కించుకునేది కూడా ఉందని రెక్స్ అన్నాడు గానీ, నెమ్మది తూటాతో అది సగంలో ఇరుక్కుంటుందని వాడికీ తెలుసు, ఆమెకీ తెలుసు. గొట్టం చివర మోత మింగే సైలెన్సర్ బిగించడానికి మరలు ఉన్నాయి, రెక్స్ ఒకటి బిగించాడు కూడా. ఏవిస్ దాన్ని ఎడంచేత్తో ఎత్తి చూసింది, బోల్టు లాగి తోసింది, వాసన కూడా చూసింది. వెన్నలో కత్తిలా జారింది బోల్టు.

ఇక తూటాలు. సైలెన్సర్ ఎంత మంచిదైనా, తూటా శబ్దం కంటే వేగంగా పోతే దారిపొడుగునా టపామంటుంది. దాన్నెవరూ మూయలేరు. అందుకని శబ్దం కంటే కాస్త నిదానంగా పోయే రకం కావాలి. ముక్కు గుల్లగా ఉన్నవి కావాలి, లేకపోతే కుందేలులోంచి దూసుకుపోయి రాళ్ళ మీద ఈల వేస్తూ ఎగురుతాయి. అందులోనూ ఏ తుపాకీకి ఏ తూటా పడుతుందో దాన్ని తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. ఒకే రోజు ఒకే చోట పుట్టిన రెండు తుపాకులు ఒకే తూటాని రెండు రకాలుగా ఉమ్ముతాయి. రెక్స్ దగ్గరున్న నెమ్మది రకాలన్నింటిలోంచీ ఒక్కో పెట్టె తీసుకుంది ఏవిస్.

"హెక్టర్ ఏమంటాడో?" అన్నాడు రెక్స్ సంచీ అందిస్తూ.

"తల ఊపుతాడు."

ఊపాడు కూడా. ఉన్ని కొట్టం వెనక మట్టి గట్టుకి అట్టపెట్టె ఆనించి, దాని మీద కాగితం అంటించి, ఒక్కో పెట్టెలోంచీ కొన్ని కొన్ని కాల్పించింది అతని చేత. హెక్టర్ చెయ్యి ఇంకా రాయిలా నిలుస్తుంది. అందులో వంక పెట్టడానికి లేదు. ఒక రకం తూటాలు కాగితమంతా చెల్లాచెదరయ్యాయి. ఇంకో రకం నిలువుగా పాకాయి. ఆకుపచ్చ పెట్టెలోవి మాత్రం అన్నీ అగ్గిపెట్టె అంత చోట పడ్డాయి. ఏవిస్‌కి ప్రాణం లేచొచ్చింది. తుపాకీ మీద గురి చూసే స్కోపు మర తిప్పించి గురి వాటికే కుదిర్పించింది.

అంతా బాగానే ఉంది గానీ, హెక్టర్ ప్రతి తూటాకీ బోల్టు తెరిచి, లోపలికి తొంగి చూసి, ఖాళీ గుల్లని అరచేతిలోకి తీసుకుని మరీ పరీక్షించాడు.

"ఏంటా వెతుకులాట?"

"పేలిందో లేదో చూసుకోవద్దూ? ఇది తుపాకీయేనా? ఈగ వాలినంత కూడా లేదు."

"ఈగ వాలినంతే ఉండాలి. అందుకే కొన్నది."

"మగాడు పట్టుకునే తుపాకీ కాదిది."

"మరేం ఫరవాలేదు, గొర్రెలకి నీ మగతనం అక్కర్లేదు, మేత కావాలి," అంది ఏవిస్. వెక్కిరింతకే అతను గుల్లలు ఏరుతున్నాడని ఆమె గట్టిగా నమ్మింది.

సాయంత్రాలు పని మొదలైంది. గుట్టకి ఎదురుగా ముళ్ళ గులాబీ పొద చాటున హెక్టర్ బోర్లా పడుకుంటాడు. ఏవిస్ వెనక కూర్చుంటుంది. ఒకరు కాల్చడం, ఒకరు వెళ్ళి ఏరుకు రావడం. ఏరడానికి వెళ్ళేవాళ్ళు వెళ్తున్నానని చెప్పి వెళ్ళాలి, తిరిగొచ్చేదాకా కాల్చేవాడు బోల్టు వెనక్కి లాగి ఉంచాలి. పెళ్ళైన కొత్తల్లోంచీ వాళ్ళిద్దరి పద్ధతి అది.

నెమ్మది తూటాలో ఉన్న సుఖమేమిటంటే, అది కుందేలుకి తగిలితే వినబడుతుంది. తడిగుడ్డ చాకిరేవు బండ మీద కొట్టినట్టు 'ధబ్'మని చిన్న చప్పుడు. లూసర్న్‌లో కుందేలు పడిపోయినా కనబడదు, బెదిరి నక్కినా కనబడదు. ఆ ధబ్ వినబడితే పడినట్టు, వినబడకపోతే తప్పినట్టు. పెద్ద తుపాకీ మోతలో అది ఎవరికీ వినబడదు. చిన్న తుపాకీతో పనిచేసేవాళ్ళు కళ్ళతో ఎంత చూస్తారో చెవులతోనూ అంతే చూస్తారు.

మొదటి సాయంత్రం హెక్టర్ కాల్చాడు. ధబ్. పక్కనున్న కుందేలు తల కూడా ఎత్తలేదు. ఏవిస్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ హెక్టర్ తరవాతిదాని మీద గురి పెట్టకుండా వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. మెచ్చుకోలు కోసం చూస్తున్నాడనుకుంది. మాగ్నమ్ గొడవ ఇంకా చల్లారలేదు గనక మొహం గోడలా పెట్టుకుంది. అతను మళ్ళీ ముందుకి తిరిగి, చచ్చిపడున్న చోటే ఇంకో తూటా కాల్చాడు.

"ఎన్నిసార్లు చంపుతావు దాన్ని?"

అతను పలకలేదు. ప్రతి తూటాకీ అదే తంతు. కాల్చడం, వెనక్కి తిరిగి ఆమె మొహం చూడటం. ఈలోగా మిగతావి తీరిగ్గా గుట్టెక్కేసేవి. ఏవిస్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. చిన్నపిల్లాడిలా ప్రతిదానికీ చప్పట్లు కొట్టాలా ఈ మనిషికి?

కొన్నాళ్ళకి ఇంకో విడ్డూరం. ఒక సాయంత్రం టపామని గాలి చీలింది. కుందేళ్ళు మాయం. ఏవిస్ అతని కోటు జేబులో చెయ్యి పెట్టి చూస్తే ఆకుపచ్చ పెట్టెవీ, కొట్టంలో ఎప్పుడో మిగిలిపోయిన వేగం రకంవీ కలగాపులగంగా దొరికాయి.

"హెక్టర్! గురి నెమ్మదివాటికి కుదిర్చాం. ఇవి తలల మీంచి పోతాయి. ఎన్నింటిని బడికి పంపావు?"

"కాల్చినట్టు తెలియాలి కదా మనిషికి!" అని అరిచాడు. హెక్టర్ అంత గట్టిగా అరిచే మనిషి కాదు. ఏవిస్ తెల్లబోయింది గానీ, కోపంలో ఉంది గనక ఆ మాట పట్టించుకోలేదు. వేగం రకంవన్నీ ఏరి మూట కట్టి, కొట్టంలో బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాటి సాయంత్రం గాలి లేదు. ఎండిన గడ్డి కూడా కదలట్లేదు. హెక్టర్ కాల్చాడు, ధబ్‌మంది. ఆ రోజు ఏవిస్ అతను వెనక్కి తిరిగేదాకా ఆగలేదు. "పడింది. నేను తెస్తా" అని వెనకనించి చెప్పి లేచింది. తుపాకీ మడమ మీద అతని గడ్డం ఒకసారి కిందికీ పైకీ ఆడింది. తల ఊపాడనుకుని, పొద చుట్టూ తిరిగి గుట్ట వారగా నడిచింది.

కుందేలుని అందుకోబోతుంటే ఎడంపక్క రాళ్ళలోంచి ఇంకో కుందేలు లేచి కూర్చోవడం కనిపించింది. దాన్ని చూసి ముచ్చట పడేంతలో పొద వైపు నుంచి తుపాకీ చిన్నగా దగ్గినట్టు చప్పుడు వినబడింది. ఆమె వంగే ఉంది. "హెక్టర్, ఆగు!" అని గొంతు చించుకుంది. ఇంకో దగ్గు. రాయి మీద ఏదో చిట్లి, ఈల వేసుకుంటూ ఆమె తలకి పక్కగా ఎక్కడికో పోయింది.

ఏవిస్ లూసర్న్‌లో బోర్లా పడుకుండిపోయింది. మొహానికి మట్టి అంటుకుంది. భయం కంటే ముందు కోపం వచ్చింది ఆమెకి. కోపం వెనకాలే భయం కూడా వచ్చింది. కుందేలుని దొరకబుచ్చుకుని, పాక్కుంటూ పొద వెనకనించి చుట్టి వచ్చి, హెక్టర్ భుజం మీద చెయ్యి వేసింది. అతను ఉలిక్కిపడి ఆమెని చూశాడు. మట్టి మొహాన్ని చూశాడు, చేతిలో కుందేలుని చూశాడు, ఆమె వచ్చిన దిక్కుని చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు... వెనకాల కదా ఉన్నావ్. స్కోపులో కుందేలొక్కటే కనబడింది."

"చెప్పి వెళ్ళాను. చెప్పాను కదా! అరిచాను కూడా!"

"చెప్పలేదు ఏవిస్."

"నన్ను చంపేసేవాడివి! కుందేలు కోసం నన్ను చంపేసేవాడివి!"

ఏవిస్ తుపాకీ లాక్కుని, బోల్టు ఊడదీసి, ఏప్రన్ జేబులో వేసుకుంది. ఇంటికెళ్ళి దాన్ని గుడ్డలో చుట్టి రొట్టెల పిండి డబ్బాలో లోపలికంటా పాతిపెట్టింది. ఆ రాత్రి మటన్ కూర ఎవరి పళ్ళెంలో వాళ్ళకి చల్లారింది.

మర్నాడు ఆమె పిండి కలుపుతూ, కోపంతో కాకపోయినా ముద్దని కొడుతూ, ఆ క్షణాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. అతను అబద్ధం చెప్పట్లేదు. ఆ మొహం అబద్ధం చెప్పే మొహం కాదు. తను చెప్పడమూ అబద్ధం కాదు. మరి?

హెక్టర్ బల్ల దగ్గర వీపు తిప్పి కూర్చుని రొట్టె కోసుకుంటున్నాడు. రేడియోలో ధరవరలు ఇల్లు ఎగిరిపోయేంత గట్టిగా చెబుతున్నారు. ఏవిస్ రేడియో కట్టేసింది. అతను కోస్తూనే ఉన్నాడు.

"హెక్టర్," అంది మామూలు గొంతుతో. "నీ మాగ్నమ్ అమ్మేశాను."

రొట్టె ముక్క అయింది. వెన్న రాసుకున్నాడు.

"నీ కుక్కని కూడా అమ్మేశాను."

వెన్న మీద జామ్ రాసుకున్నాడు.

ఏవిస్ పిండి చేతులతోనే స్టూలు మీద కూలబడింది. గుల్లలు ఏరి చూసుకోవడం, ప్రతి తూటాకీ వెనక్కి తిరిగి తన మొహం చూడటం, ఇంటిని అదరగొట్టే రేడియో, జేబులో దాచిన వేగం తూటాలు, ఆ మాయదారి మాగ్నమ్, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. మెచ్చుకోలు కోసం కాదు. ధబ్ అతనికి వినబడట్లేదు. పడిందో లేదో ఆమె మొహం చూసి తెలుసుకుందామనుకున్నాడు, ఆ మొహాన్ని ఆమె గోడలా పెట్టుకుని కూర్చుంది. జన్మంతా గొట్టాల మోత పక్కన, ట్రాక్టర్ల మోత పక్కన గడిపిన చెవులు. ఎప్పుడు పోయాయో ఏమో. ఒక మాట చెప్పి చావచ్చు కదా!

జాలి వేసింది, నిజమే. కానీ జాలి కంటే ముందు ఆమెకి ఇంకో రకం ఒళ్ళు మంట పుట్టింది. ఇన్నేళ్ళూ తను పడ్డ కోపాలన్నీ ఇప్పుడు తిరగతోడి చూసుకోవాలి. వాటిలో మొండితనం మీద పడ్డవి ఎన్ని, చెవిటితనం మీద పడ్డవి ఎన్ని? కంచె బాగుచెయ్యమంటే చెయ్యనిది దేనికింద వేసుకోవాలి? తన అక్క పుట్టినరోజుకి రానిది? సగం కోపం దండగైపోయింది, ఆ సగం ఏదో కూడా తెలియదు. దండగైన కోపం అంత చిరాకు పెట్టేది ఇంకోటి లేదు.

వెళ్ళి మొహాన అడిగేద్దామనుకుంది. ఆగిపోయింది. హెక్టర్ వాళ్ళ నాన్న కాలు కుళ్ళేదాకా బూటులో పెట్టుకుని తిరిగినవాడు. ఆ ఇంట్లో మగాళ్ళు నొప్పి అనే మాట పలకరు. తను ముందు ఆ మాటంటే అతను కాదంటాడు, కాదన్నాక జన్మలో ఒప్పుకోడు. అతను ఒప్పుకోకపోతే ఆ తుపాకీ ముందుకి తను ఇక నడవడం కల్ల. తను నడవకపోతే మడి పోతుంది, మంద పోతుంది. ఆ మాట అతని నోట రావాల్సిందే, అది వచ్చేదాకా పని నడిచే దారి తను చూడాలి.

రెండు సాయంత్రాలు తుపాకీ గోడకే ఉంది. గుట్ట పక్కన ఇంకో వరస నేల బోడి అయింది. మూడోనాడు ఏవిస్ పిండి డబ్బాలోంచి బోల్టు తీసి, తుడిచి, హెక్టర్ ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుని, అతని కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నా మణికట్టు వేలాడితే లాగేస్తోంది. ఎత్తులో ఆనించి ఉంచుకోవాలి. అందుకని నీ పక్కన పడుకుని నీ భుజం మీద పెట్టుకుంటాను. నా చెయ్యి అక్కడున్నంతసేపే నువ్వు కాల్చు. చెయ్యి తీస్తే బోల్టు లాగెయ్. తూటా తగిలినప్పుడు నొప్పి తెలియకుండా వేళ్ళతో ఒకసారి తడతాను. ఓర్చుకో."

తగిలినప్పుడు తడితే నొప్పి ఎలా పోతుందని హెక్టర్ అడగలేదు. తల కూడా ఊపలేదు. బోల్టు తీసుకుని లేచాడు.

ఆ సాయంత్రం పని నడిచిన తీరు చూస్తే ఏవిస్ వాళ్ళ నాన్న మెచ్చి టోపీ తీసేవాడు. దగ్గులాంటి చప్పుడు, ధబ్, భుజం మీద తట్టు. హెక్టర్ వెనక్కి తిరగట్లేదు. బోల్టు లాగి, తోసి, పక్కదాని మీదికి గురి. పక్కది ఇంకా మేస్తూనే ఉంది. చెయ్యి తీసి ఆమె ఏరడానికి వెళ్ళినప్పుడల్లా అతను బోల్టు వెనక్కి లాగి, తుపాకీని నేల మీద పెట్టి, రెండు అరచేతులూ గడ్డి మీద ఆనించి కూర్చున్నాడు. ఆమె వచ్చి చెయ్యి వేసేదాకా ఆ చేతులు కదలలేదు.

అలా చాలా సాయంత్రాలు గడిచాయి. బోడి అయిన నేలలో లూసర్న్ మళ్ళీ చిగుళ్ళు వేసింది. ఇంట్లో కుందేలు కూర తిని తిని ఇద్దరికీ మొహం మొత్తింది. ఆ మాట మాత్రం అతని నోట రాలేదు. ఏవిస్‌కి ఓపిక చచ్చిపోతోంది. చెయ్యి అడ్డం పెట్టి బతుకంతా ఇలాగే నడపాలా? రేపు తనకి జ్వరం వస్తే? అతను ఒక్కడే వస్తే, ఎవరైనా దారిలో నడిస్తే? మొండి ఘటం. ముమ్మాటికీ మొండి ఘటం. ఇది మాత్రం చెవిటితనం ఖాతాలోది కాదు.

చలి ముదిరిన ఒక సాయంత్రం ఉత్తరపు గాలి కాస్త వీచింది. హెక్టర్ ఒకటి కాల్చాడు, ధబ్ లేదు. ఇంకోటి కాల్చాడు, మళ్ళీ లేదు. ఆమె వేళ్ళు కదలకపోవడం అతనికి తెలుస్తోంది. భుజం బిగుసుకుపోవడం ఆమె అరచేతికి తెలుస్తోంది. ముసలాడైపోతున్నాడు పాపం అనిపించింది ఏవిస్‌కి. మూడోది కాల్చాడు. అదీ తప్పింది. ఏవిస్‌కి ఏమనిపించిందో ఏమో, వేళ్ళతో అతని భుజం మీద మెల్లిగా తట్టింది.

హెక్టర్ బోల్టు లాగలేదు. స్కోపులోంచి ఎదురుగా ఇంకోసారి చూశాడు. తరవాత తుపాకీ పక్కన పెట్టి, పక్కకి ఒత్తిగిల్లి, ఆమె వైపు తిరిగాడు.

"అదిగో, రాళ్ళ కింద కూర్చుని మూతి కడుక్కుంటోంది. నువ్వు తట్టిన కుందేలు."

ఏవిస్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకు జాలి తట్టుళ్ళు తట్టకు ఏవిస్. నేను చెవిటివాణ్ణి. గుడ్డివాణ్ణి కాదు."

గాలి ఆగిపోయినట్టయింది. ఇన్నాళ్ళు ఏ మాట కోసం పళ్ళు బిగపట్టి కూర్చుందో ఆ మాట వచ్చి వాళ్ళిద్దరి మధ్యా గడ్డిలో పడింది. ఏడుపొచ్చింది ఆమెకి. కానీ అన్నేళ్ళ ఉడుకు అంత తేలిగ్గా వదులుతుందా? మొహం అతనికి బాగా కనబడేలా దగ్గరికి జరిగి, పెదాలు విడదీసి అంది.

"ఇంకోసారి చెప్పు. నాకు సరిగ్గా వినబడలేదు."

హెక్టర్ ఆమెని కొరకొరా చూశాడు. మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. ఊపిరి గట్టిగా పీల్చుకుని, గుట్టలు మారుమోగేలా, మాగ్నమ్ కూడా ఎప్పుడూ మోగనంత గట్టిగా అరిచాడు.

"నాకు చెవుడు! చెవుడే ఆడదానా! చాలా?"

లూసర్న్ మడిలో ఉన్న ప్రతి కుందేలూ తెల్లతోక చూపించి బొరియలోకి దూకింది. ఆ సాయంత్రానికి ఇక ఒక్కటీ బయటికి రాదు. ఏవిస్‌కి మాత్రం కోపం రాలేదు.